బిల్లు లేని పత్తి విత్తనాలు కొనకండి, ముఖ్యంగా కౌలు రైతులు

మృగశిర దగ్గర పడంగానే నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట వైపు ఊళ్లలో లూజు పత్తి విత్తనాలు తిరుగుతుంటాయి. బైకు మీద తెచ్చి ఇంటి ముందే కిలోల లెక్కన తూచిస్తారు, పైసలు పంట వచ్చినంక ఇవ్వమంటారు. "గడ్డిమందు కొట్టినా చెట్టు చావదు, కలుపు కూలి మిగుల్తది" అని చెప్తారు. ఆ రకం పత్తికి మన దేశంలో అనుమతే లేదు. అందుకే నష్టపోయినోళ్లు కేసుకు భయపడి నోరు మూసుకుంటారు. అమ్మేటోడి ధైర్యం కూడా అదే.

ఇంతకంటే పెద్ద మోసం ఇంకోటుంది. గద్వాల నడిగడ్డలో కంపెనీల కోసం సీడ్ పత్తి, అంటే విత్తనం కోసమే వేసే పత్తి, పండిస్తారు. జన్యు స్వచ్ఛత పరీక్షలో, అంటే గింజలన్నీ ఒకే రకమా కాదా అని చూసే పరీక్షలో, ఫెయిలైన లాటును విత్తనంగా అమ్మకూడదు. ఆ గింజలే దళారుల చేతుల్లో పడి, కంపెనీ విత్తనంలా రంగు పూసుకొని ప్యాకెట్లలోకి వస్తాయి. ఇవి శుభ్రంగా మొలుస్తాయి. తడి గోనెపట్టాలో వంద గింజలు చుట్టి చూస్తే ప్రమాణం ప్రకారం 75 మొలవాలి; ఇవీ అన్నే మొలవొచ్చు. కాబట్టి మొలక చూసి నమ్మొద్దు, రంగు చూసి అసలే నమ్మొద్దు. తేడా తెలిసేది రెండు నెలలు దాటినంక, పూతా కాయా పట్టేటప్పుడు. ఒక చెట్టు పొట్టిగా, పక్కది పొడుగ్గా, ఒకదానికి కాయ పడితే ఇంకోదానికి పూతే రాదు. అప్పటికి ఎరువులు, మందులు, కూలీలు అన్నీ పెట్టేసి ఉంటారు. నెపం వాన మీదో, గులాబీ పురుగు మీదో పడుతుంది. నేరం జరిగినట్టు ఏ కాగితంలోనూ ఉండదు.

అందరికంటే మునిగేది కౌలు రైతే. పాస్‌బుక్కు పట్టాదారుది, రైతు బీమా పట్టాదారుకే. అప్పిచ్చేది, విత్తనం ఇచ్చేది, పత్తి కొనేది చాలా ఊళ్లలో ఒకే షావుకారి, ఇక ఎదురు మాట్లాడేదెట్లా?

లైసెన్సున్న షాపులోనే కొనండి. బీజీ-2 (అనుమతి ఉన్న బీటీ పత్తి) ప్యాకెట్టు 475 గ్రాములు. 2025లో కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర 901 రూపాయలు. లాట్ నంబరు, పరీక్ష తేదీ, గడువు తేదీ చదవండి. బిల్లు సాగు చేసేవాళ్ల పేరు మీదే రాయించండి, దాని మీద లాట్ నంబరు ఉండాలి. ఉద్దెరకు తెచ్చినా బిల్లు ఇవ్వాలని 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు చెప్తుంది. చిట్టీ ముక్క మీద "రెండు ప్యాకెట్లు" అని గీకిస్తే అది బిల్లు కాదు. కవరును లేబులు లేని వైపు కత్తిరించి, గుప్పెడు గింజలు అందులోనే ఉంచి, తడి తగలకుండా బిల్లుతో కలిపి దాచండి.

పంట తేడాగా ఉంటే వెంటనే దున్నేయకండి, చాలామంది సాక్ష్యం పోగొట్టుకునేది అక్కడే. మండల వ్యవసాయ అధికారికి (ఏవో) రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి, చేను చూసి రాసిన రిపోర్టు నకలు అడగండి.

పోలీసు కేసుతోనే ఆగొద్దు. 1966 విత్తన చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయలు దాటదు, అదీ మీకు రాదు. పరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవాలి. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు. వకీలును పెట్టుకునే స్థోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి.