737 ఓవర్‌హెడ్ "టెస్టెడ్" అన్నారని డబ్బు పంపకండి

ఇంట్లో సిమ్యులేటర్ కోసం 737 విమానం ఓవర్‌హెడ్ ప్యానెల్, అంటే కాక్‌పిట్‌లో పైలట్ల తల మీద ఉండే స్విచ్‌ల ప్యానెల్, కొనాలని చూస్తున్నవాళ్లు ముందు ఇది చదవండి, తర్వాతే డబ్బు పంపండి. పేరు రాయను. విదేశీ స్క్రాప్ యార్డుల నుంచి 737 సామాను తెప్పించి అమ్మేవాళ్లు మన దగ్గర ఎంతమంది ఉన్నారు గనక, ఎవరో మీకే అర్థమవుతుంది.

ప్రకటనలో రాసింది: 737-800 ఫార్వర్డ్ ఓవర్‌హెడ్, కంప్లీట్, టెస్టెడ్, బ్యాక్‌లైట్ వర్కింగ్. లక్షా అరవై వేలు, రవాణా వేరు. పెట్టె నిన్న సాయంత్రం దిగింది. రాత్రి రెండింటి దాకా ఒక్కో మాడ్యూల్ మీటరు పెట్టి చూశాను.

బ్యాక్‌లైట్ చచ్చిపోయింది. స్విచ్‌ల పేర్లు వెనకనుంచి వెలిగేలా చేసే ప్లాస్టిక్ పలకలు, లైట్‌ప్లేట్లు, 17 ఉంటే అందులో 11 పనికిరావు. ఇవి ప్రయాణంలో పాడైనవి కావు. చంపి పంపారు.

ఈ ప్లేట్లలోవి ఫిలమెంటు బల్బులు, 5 వోల్టులవి. విమానంలో వీటికి అందేది 5 వోల్టుల ఏసీ. ఇంట్లో 5 వోల్టుల డీసీ ఇచ్చినా హాయిగా వెలుగుతాయి. అదే ప్యానెల్‌లో హెచ్చరిక దీపాలు మాత్రం 28 వోల్టులవి. ఈ తేడా తెలియనివాడు ఓవర్‌హెడ్ ముట్టుకోకూడదు. అమ్మినాయన కొనకముందు పంపిన వీడియో ఇప్పుడు మళ్లీ చూస్తే కడుపు రగిలిపోతోంది. అక్షరాలు ట్యూబ్‌లైట్ తెలుపులో మెరుస్తున్నాయి. 5 వోల్టుల మీద ఈ బల్బు అలా వెలగదు, కాచిన నెయ్యి రంగులో వెలుగుతుంది. ఆ తెలుపు చూసినప్పుడే అడగాల్సింది. అడగలేదు, ఆ తప్పు నాదే.

ఫోన్ చేసి, "అన్నా, టెస్టుకి ఏ సప్లై పెట్టారు?" అని అడిగాను.

"బైక్ బ్యాటరీ పెట్టాం. ఏం?"

"అవి 5 వోల్టుల బల్బులన్నా. మీరు 12 ఇచ్చారు."

"వెలిగిందా, లేదా? వీడియో చూసే కదా కొన్నావు. స్క్రాప్ కొనుక్కుని గ్యారంటీ అడిగితే ఎలా బాబూ?"

పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ 10 శాతం పెంచితేనే ఆయుష్షు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. 5 వోల్టుల దానికి 12 ఇస్తే వీడియో తీసేంతసేపు వెలిగి ఆరిపోతుంది. అంటే "టెస్టెడ్" అన్న ఆ పరీక్షే వీటిని తగలబెట్టింది. విమానంలో ఏళ్ల తరబడి నిలిచిన ప్లేట్లు గోడౌన్ నేల మీద నిమిషంలో పోయాయి. పోనీ బల్బులు మార్చుకుందామా అంటే వీటికి హోల్డర్లు ఉండవు. ప్లాస్టిక్ ప్లేటు లోపలే పొదిగి, వెనక మూసేసి ఉంటాయి. వెనక పొర జాగ్రత్తగా చెక్కి, ఒక్కో గుంటలో వార్మ్ వైట్ ఎల్ఈడీ, దానికో రెసిస్టరు పెట్టుకుంటూ రావాలి. అక్షరాల రంగు పొర ఒక్కచోట లేచినా ప్లేటు పోయినట్టే.

ఇలాంటి ప్లేటు మీ చేతికొస్తే కరెంటు ఇవ్వకముందే ఓమ్స్‌లో కొలవండి. బల్బులన్నీ ప్యారలల్‌లో ఉంటాయి. బల్బు ఒకటి 60 మిల్లీఆంప్స్ తీసుకుంటుందనుకుంటే, చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ 8 ఓమ్స్ దగ్గర్లో ఉంటుంది. అలాంటివి 30 ఉన్న మంచి ప్లేటు అర ఓమ్ కన్నా తక్కువ, దాదాపు షార్ట్ అయినట్టే చూపిస్తుంది. అది చూసి కంగారు పడొద్దు. 8 చూపిస్తే మిగిలింది ఒక్క బల్బే. నా దగ్గర ఫ్యూయల్ ప్యానెల్ ప్లేటు 7.9 చూపించింది. టార్చి వేసి పక్కనుంచి చూస్తే బల్బుల దగ్గర మసి మరకలు, అగ్గిపుల్ల ఆర్పి అద్దినట్టు, వరసగా కనిపిస్తున్నాయి.

రెండో సంగతి వైర్లు. ప్లగ్గు రింగు చేత్తో తిప్పితే ఊడొస్తుంది, పది సెకన్ల పని. వీళ్లు ప్లగ్గు వెనక అంగుళం వదిలి కటింగ్ ప్లేయర్‌తో కొరికేశారు. విమానం వైర్లకు మన ఇంటి వైర్లలా రంగులుండవు, దాదాపు అన్నీ తెలుపే. గుర్తుపట్టేది వైరు మీద కొంచెం కొంచెం దూరంలో ముద్రించే నంబరుతోనే. అంగుళం ముక్క మీద ఆ నంబరు ఉంటే అదృష్టం. అడుగు పొడవు వదిలి కోసుంటే సగం పని అయిపోయేది. ఇక ప్లగ్గు ముఖం మీది పిన్ అక్షరాలు చూసుకుంటూ, ఒక్కో స్విచ్ వేసి మీటరు బీప్ వింటూ పట్టిక రాసుకోవడమే దారి. అదీ హెచ్చరిక దీపాల బల్బులు ముందే పీకేశాకే చేయండి. చల్లని ఫిలమెంటుకు కూడా కొన్ని మీటర్లు బీప్ ఇస్తాయి, పట్టిక మొత్తం తప్పుతుంది. దారిలో డయోడ్ (కరెంటును ఒక్క వైపే పోనిచ్చేది) ఉంటే ప్రోబులు తిప్పి మళ్లీ చూడాలి.

ఇంకా, ఇందులో అన్నీ 737-800వి కావు. ప్రెషరైజేషన్ (క్యాబిన్ గాలి పీడనం) ప్యానెల్‌లో ఎన్‌జీకి, అంటే 700, 800 ఉన్న తరం 737లకు, ఉండే డిజిటల్ కిటికీలు లేవు, అంకెల చక్రాలున్నాయి, సెలెక్టర్ మీద స్టాండ్‌బై అని ఉంది. ఎన్‌జీలో ఉండేది ఆటో, ఏఎల్‌టీఎన్ (ఆల్టర్నేట్), మాన్ (మాన్యువల్). జనరేటర్ల దగ్గర ఒక్క డ్రైవ్ లైటు ఉండాల్సిన చోట ఆయిల్ ప్రెషర్‌కు ఒకటి, టెంపరేచర్‌కు ఒకటి ఉన్నాయి. అది క్లాసిక్, ఎన్‌జీకి ముందు తరం 737. ఉష్ణోగ్రత నాబ్‌లు 700లో రెండు, 800లో మూడు. నాకొచ్చింది రెండున్నది. ప్రకటన ఫోటో ఎదురుగా తీసి ఉంటే ఇవన్నీ కనిపించేవి. ఏటవాలుగా, చీకట్లో తీశారు. నేనూ జూమ్ చేసి చూడలేదు.

స్విచ్‌లు మాత్రం బంగారం. పైకి లాగి వేసే టోగుల్స్‌లో ఆ పట్టు ఏ రెప్లికాలోనూ రాదు. ఇంజిన్ స్టార్ట్ నాబ్‌లను "గ్రౌండ్" స్థానంలో పట్టి ఉంచే సోలెనాయిడ్లు (కరెంటు అయస్కాంతాలు) రెండూ 28 వోల్టుల మీద పట్టాయి. వాటి కోసమే దీన్ని పారేయడం లేదు.

కొనేవాళ్లు మూడు అడగండి. వెనక వైపు ఫోటో, ప్లగ్గులు, వైర్ల పొడవు కనిపించాలి. ప్రతి మాడ్యూల్ డేటా ప్లేట్ ఫోటో, పార్ట్ నంబరు చదవగలిగేలా. బ్యాక్‌లైట్ వీడియోలో మీటరు కూడా ఫ్రేములో ఉండి 5 వోల్టులు చూపించాలి. డబ్బు సగం మాత్రమే ముందు పంపండి.

ఫ్యూయల్, ఎయిర్ టెంపరేచర్ ప్యానెళ్ల 800 లైట్‌ప్లేట్లు ఎవరి దగ్గరైనా విడిగా ఉంటే చెప్పండి, ఓమ్స్ రీడింగ్‌తో సహా.