పెళ్లి వీడియోల సర్వర్‌కు వీఎన్‌స్టాట్: ఒక సీజన్ వాడాక

హన్మకొండలో మాది పెళ్లి వీడియోల మిక్సింగ్ ల్యాబ్. రాత్రి తొమ్మిది దాటాక మెమరీ కార్డుల్లోని ఫుటేజీ అంతా వెనక గదిలోని లైనక్స్ సర్వర్‌లోకి ఎక్కిస్తాం. మాఘమాసం ముహూర్తాలప్పుడు రెండు కెమెరాలు, ఒక డ్రోన్ కలిపి ఒక్క పెళ్లికే 300 జీబీ వస్తుంది. అది పోయిందంటే ఆ పెళ్లి మళ్లీ తీయలేం. అందుకే నెట్‌వర్క్ కార్డు మీద ఎంత ట్రాఫిక్ నడుస్తోందో చూపే గ్రాఫ్‌ను రోజూ చూస్తాను.

ఈసారి సీజన్‌లో ఆ గ్రాఫ్ వింతగా తయారైంది. పగటిపూట మామూలుగానే ఉండేది. రాత్రి పెద్ద కాపీ పెట్టగానే సెకనుకు 110 మెగాబిట్లు, కాసేపటికి 15, మళ్లీ 60. ఒక్కసారి కూడా 114 దాటలేదు. మా ఎడిటర్ తమ్ముడేమో, "అన్నా, కాపీ మస్తు స్పీడుగ పోతున్నది, గ్రాఫ్‌ల మాత్రం ఏం కనవడ్తలేదు" అన్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది. ఒక మెకానిక్‌ని పిలిస్తే కార్డు పోయిందని 2,200 రూపాయలకు కొత్తది వేశాడు. ఆ రాత్రి కూడా గ్రాఫ్ అంతే.

అప్పుడు వీఎన్‌స్టాట్ వేసుకున్నాను, నెట్‌వర్క్ ట్రాఫిక్ లెక్క రాసిపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఇది. ఉచితం, ఉబుంటులో ఒక్క కమాండ్‌తో వచ్చేస్తుంది. వేసిన వెంటనే అడిగితే ఇంకా డేటా చాలలేదంటుంది, కొద్దిసేపు ఆగాలి. ఇది ప్యాకెట్లను, అంటే నెట్‌వర్క్‌లో పోయే డేటా ముక్కలను, విప్పి చూడదు. కార్డు మీదుగా ఎన్ని బైట్లు పోయాయో కెర్నల్ (లైనక్స్ మూల భాగం) వేసుకునే లెక్కను చదివి రాసిపెడుతుంది, అంతే. అందుకే సర్వర్ మీద బరువు పడదు.

నాకు పనికొచ్చింది దీని లైవ్ మోడ్. కమాండ్ పక్కన మైనస్ ఎల్ కొడితే తెర మీద ఒకే లైను కదులుతూ ఉంటుంది. కాపీ నడుస్తుండగా చూస్తే 920 మెగాబిట్లు, సెకనుకు 76 వేల ప్యాకెట్లు. పక్కనే గ్రాఫ్‌లో 38! కాపీ అయ్యాక కంట్రోల్ సీ నొక్కితే మొత్తం 292 జీఐబీ (1000 బదులు 1024 చొప్పున లెక్కించే జీబీ) అని పట్టిక ఇచ్చింది. 300 జీబీ ఫైళ్లంటే 1024 లెక్కన 279 జీఐబీ. మిగతా పదమూడు ప్రతి ప్యాకెట్‌కూ తగిలించే చిరునామాలూ హెడర్లూ. లెక్క సరిపోయింది, ప్రాణం కుదుటపడింది.

తప్పు గ్రాఫ్ సెట్టింగ్‌లో ఉంది. అది ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలను లెక్కలు అడిగి తెచ్చుకునే పద్ధతి) పాత వెర్షన్‌లో, ఐదు నిమిషాలకోసారి, 32 బిట్ల కౌంటర్‌ను అడుగుతోంది. ఆ కౌంటర్ 429 కోట్ల బైట్లు దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మా స్పీడుకు 37 సెకన్లకో చుట్టు, అంటే ఐదు నిమిషాల్లో ఎనిమిది చుట్లు. భద్రకాళి గుడి ముందు నిలబడి ఐదు నిమిషాలకోసారి కళ్లు తెరిస్తే, ప్రదక్షిణ చేసే మనిషి ఎక్కడున్నాడో కనిపిస్తుంది గానీ ఎన్ని చుట్లు తిరిగాడో ఎలా తెలుస్తుంది? ఒక్క చుట్టులోపే అని గ్రాఫ్ అనుకుంటుంది. ఆ ఒక్క చుట్టు బైట్లను ఐదు నిమిషాలకు పంచితే వచ్చేదే 114 మెగాబిట్లు. వెర్షన్ 2సీకి మార్చి 64 బిట్ల కౌంటర్ పెట్టాను. గిగాబిట్ స్పీడుకు అది సున్నాకు రావాలంటే 4,600 ఏళ్లు దాటాలి.

వీఎన్‌స్టాట్‌లో లోట్లూ ఉన్నాయి. ఏ సిస్టమ్ ఎంత వాడిందో చెప్పదు, మొత్తమే చెబుతుంది. మా దగ్గర ఆరు ఎడిటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి కాబట్టి ఇది పెద్ద లోటే. కేబుల్ పాడై ప్యాకెట్లు చెడిపోతుంటే ఇందులో కనిపించదు, దానికి నెట్‌వర్క్ కార్డు వివరాలు చూపే ఈథ్‌టూల్ కమాండ్ చూసుకోవాలి. వేయకముందు రోజుల లెక్క కూడా దొరకదు, కాబట్టి సర్వర్ కొన్న రోజే వేసుకోండి.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను. పాత కార్డును మళ్లీ సర్వర్‌లో బిగించాను, సీజన్ అంతా దాని మీదే నడిచింది.