ఫ్లోరెన్స్ వెళ్తే సాన్ మార్కో మఠాన్ని వదలకండి

రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు హైస్పీడ్ రైలులో సుమారు గంటన్నర. అందుకే చాలామంది పొద్దున దిగి సాయంత్రం తిరుగు రైలెక్కేస్తారు. కనీసం రెండు రాత్రులైనా ఉండాలంటాను. పగటి జనం వెళ్లిపోయాకే ఆ వీధుల్లో తలెత్తి చూస్తూ నడవగలం.

సామాను ఎక్కువుంటే సాంతా మరియా నొవెల్లా స్టేషన్ చుట్టుపక్కల హోటళ్లే మేలు. మేము ఆర్నో నదికి అవతల, ఓల్ట్రార్నోలో ఒక పాత ఇంటి మూడో అంతస్తులో దిగాం. గది శుభ్రం, అద్దె నయం, కింద చెక్క ఫ్రేములకు బంగారు రేకు అద్దే దుకాణం. కానీ లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఇలాంటి చోటు వద్దు. అద్దె కాక నగర పన్ను విడిగా కట్టాలని గుర్తుంచుకోండి.

ఉఫీజీ గ్యాలరీకి, డేవిడ్ విగ్రహమున్న అకాడెమియాకు టికెట్లు ముందే తీసుకోవాలి. ఉఫీజీలో బొట్టిచెల్లి 'వీనస్ జననం' ముందు ఎత్తిపట్టిన ఫోన్ల మధ్య నుంచి బొమ్మను వెతుక్కోవాల్సి వచ్చింది. అకాడెమియా నయం. 5 మీటర్లు దాటిన డేవిడ్ దూరం నుంచే కనిపిస్తాడు. ఆ దారిలోనే మైకెలాంజెలో అసంపూర్తిగా వదిలేసిన బందీల విగ్రహాలున్నాయి. సగం దేహం ఇంకా రాతిలోనే ఉంటుంది, ఉలి గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. జనం వాటిని దాటుకుని పోతుంటే బాధేసింది.

నా మనసు నిలిచింది మాత్రం అక్కడికి దగ్గర్లోనే ఉన్న సాన్ మార్కో మఠంలో. 15వ శతాబ్దంలో ఇక్కడి సంపన్న బ్యాంకరు కోసిమో మెడిచీ డబ్బుతో దీన్ని తిరిగి కట్టారు. ఇక్కడి సన్యాసి ఫ్రా ఆంజెలికో, ఆయన సహాయకులు సన్యాసుల గదుల గోడల మీదే బొమ్మలు వేశారు. మెట్లెక్కగానే ఎదురుగా 'శుభవార్త' చిత్రం, యేసు పుట్టబోతున్నాడని మేరీకి చెప్పడానికి రంగురంగుల చారల రెక్కలతో వచ్చిన దేవదూత. ఏడో గదిలో కళ్లకు గంతలు కట్టిన క్రీస్తు. ఆయన్ని కొట్టేవాళ్లు కనిపించరు, గాలిలో చేతులే ఉంటాయి. ఉమ్మేస్తున్న ఒక తల, అంతే. కింద ఈ సన్యాసుల సంఘాన్ని స్థాపించిన సెయింట్ డొమినిక్ తలవంచుకుని పుస్తకం చదువుకుంటున్నాడు. ఒక్క సన్యాసి రోజూ చూసుకోవడానికి వేసిన బొమ్మ అది! మేము చూస్తున్నంతసేపు ఆ గది దగ్గరికి ఇంకెవరూ రాలేదు. వేళలు ముందే చూసుకుని పొద్దున్నే వెళ్లండి.

నగర కేథడ్రల్ మీద బ్రూనెల్లెస్కీ కట్టిన గుమ్మటానికి 463 మెట్లు, పక్కనున్న జొత్తో గంటస్తంభానికి 414. రెండింటికీ లిఫ్టు లేదు. ఒక్కటే ఎక్కగలిగితే నేను గంటస్తంభమే ఎంచుకుంటాను, గుమ్మటం నిండుగా కనిపించేది అక్కడి నుంచే. ఎక్కలేనివాళ్లు కేథడ్రల్ మ్యూజియంలో గిబెర్టి 27 ఏళ్లు శ్రమించి చేసిన కంచు తలుపులు చూడవచ్చు. బాప్టిస్టరీకి, అంటే కేథడ్రల్ ఎదురుగా బాప్తిస్మాలిచ్చే మందిరానికి, ఇప్పుడున్నవి నకళ్లు, అసలువి ఇక్కడే ఉన్నాయి.

తిండి సంగతికొస్తే, కేథడ్రల్ ఎదురుగా ఒకచోట తిన్న పాస్తా చప్పగా ఉంది, ధర మాత్రం ఎక్కువ. ఓల్ట్రార్నో సందుల్లో దొరికే రిబొల్లీతా బాగుంటుంది. బీన్స్, నల్ల క్యాబేజీ, పాత రొట్టె వేసి చిక్కగా ఉడికించే సూప్ అది. శాకాహారులు మాంసం రసం కలిపారేమో అడిగి మరీ తీసుకోవాలి. రొట్టెలో ఉప్పుండదు, అక్కడి పద్ధతే అంత. కాఫీ మాత్రం కౌంటరు దగ్గర నిలబడి తాగండి, బల్ల దగ్గర కూర్చుంటే ధర పెరుగుతుంది.