షో రింగ్ సామాను: ఏళ్ల తరబడి వాడాక చేతిలో మిగిలినవి, అటకెక్కినవి

లాబ్రడార్‌ని డాగ్ షోకి తయారు చేద్దామనుకునేవాళ్లు ముందు కొనేది బ్లోయర్, అంటే బొచ్చు ఆరబెట్టే గాలి మెషీన్. తర్వాత షాంపూలు, స్ప్రేలు. లీడ్, అంటే కుక్కని పట్టుకునే తాడు, అందరికీ చివర్లో గుర్తొస్తుంది, అదీ షోకి రెండు రోజుల ముందు. అన్నీ వాడి చూశాక నేను చెప్పేది ఈ వరుస తిరగెయ్యమని. రింగ్‌లో ఒక్కో కుక్కకి జడ్జి ఇచ్చేది రెండు మూడు నిమిషాలు. ఆ కాస్తలో చూసేది కుక్క ఎలా నిలబడింది, పళ్లు చూడనిచ్చిందా, ఎలా నడిచింది. ఈ మూడూ లీడ్‌తో, టేబుల్‌తో, జేబులో బైట్‌తో (ఆశ చూపే తిండి ముక్కతో) ఇంటిదగ్గర నేర్పేవే. బ్లోయర్‌కి అక్కడ పెద్ద పని లేదు. కింద రాసినవన్నీ పసుపు, నలుపు లాబ్‌ల మీద వాడినవి. వేరే జాతులకి తేడా ఉన్నచోట ఆ మాట రాశాను.

ముందు లీడ్. రింగ్‌లోకి నేను తీసుకెళ్లేది ఒకే తాడుతో చేసిన, లాగితే ఉచ్చు బిగుసుకునే స్లిప్ లీడ్. నాలుగడుగుల పొడవు, 4 నుంచి 5 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రటి నైలాన్ తాడు, ఉచ్చు వదులు కాకుండా ఒక చిన్న స్టాపర్. ఉచ్చు చెవుల వెనక, దవడ కింద ఇమిడి ఉండాలి. స్టాపర్ బిగించాక ఒక వేలు దూరే సందు ఉంటే చాలు. అక్కడ కూర్చున్న లీడ్‌ని రెండు వేళ్లతో ఎత్తినా తల లేస్తుంది. స్టాపర్ వదులైతే ఉచ్చు మెడ మొదట్లోకి జారిపోతుంది. ఇక కుక్క కాడి మోసే ఎద్దులా భుజం పెట్టి లాగుతుంది, తల దించేస్తుంది, ముందు కాళ్లు ఎడంగా పడతాయి. దూరం నుంచి జడ్జికి అది ముందు కాళ్ల నిర్మాణ లోపంలాగే కనబడుతుంది.

ఈ లీడ్‌కి ఉన్న రోగమల్లా స్టాపరే. తోలు స్టాపర్ చొంగకి నానితే జారుతుంది, ఎండితే కదలనంటుంది. ప్లాస్టిక్ దాంట్లో స్ప్రింగ్ కొన్నాళ్లకి పట్టు వదిలేస్తుంది. కొనే ముందూ, ప్రతి షో ముందు రోజూ ఉచ్చుని మీ మణికట్టుకి వేసి, స్టాపర్ బిగించి, నాలుగుసార్లు గట్టిగా గుంజి చూడండి. అర అంగుళం జారినా ఆ లీడ్ ఇక ప్రాక్టీసుకే. తాడు గుండ్రటిదే తీసుకోండి. బల్లపరుపు టేప్ లీడ్ గోల్డెన్, పామరేనియన్ లాంటి వాటి మెడ బొచ్చుని నొక్కేసి గీత వదులుతుంది. రంగు కుక్క రంగులో కలిసిపోవాలి. పసుపు లాబ్‌కి నల్ల లీడ్ వేస్తే మెడ మధ్యలో గీత గీసినట్టుంటుంది, ఉన్న మెడ కూడా పొట్టిగా కనిపిస్తుంది.

పప్పీలకీ, వెనక్కి తగ్గి తల తప్పించుకునే కుక్కలకీ మార్టింగేల్ (లాగితే కొంతవరకే బిగుసుకునే మెడపట్టీ) మేలు. కొలతే దాని కీలకం. పూర్తిగా బిగుసుకున్నప్పుడు దాని చుట్టుకొలత చెవుల వెనక మెడ చుట్టుకొలతకి సమానంగా ఉండాలి. అంతకంటే పెద్దదైతే ఒక్క గుంజుకి తల బయటే. పప్పీ పెరుగుతుంది కాబట్టి సైజు మార్చుకునే బకిల్ ఉన్నదే కొనండి. బకిల్ లేనిది ముద్దొచ్చి కొంటే నాలుగు నెలల్లో మూల పడుతుంది.

మూడోది సన్న గొలుసు. రాట్‌వైలర్, డాబర్‌మాన్ రింగుల్లో ఎక్కువ కనిపిస్తుంది. లాబ్‌కి నేను మానేశాను. చవక గొలుసు పైపూత తడికి అరిగిపోయి పసుపు లాబ్ మెడ మీద బూడిదరంగు మరక పడుతుంది. షో పొద్దున అది తడిగుడ్డకి లొంగదు, బొచ్చు లోపలికి ఇంకి ఉంటుంది. వాడేవాళ్లు రెండు సంగతులు చూసుకోవాలి. కుక్కకి ఎదురుగా నిలబడి తొడిగేటప్పుడు గొలుసు ఇంగ్లీషు ‘పి’ అక్షరంలా ఉండాలి. తిరగబడితే బిగిశాక వదులు కాదు. షో రింగ్‌లో లీడ్ క్లిప్పుని గొలుసు రెండు చివర్ల రింగులకీ కలిపి తగిలిస్తే అసలు బిగుసుకోదు.

ఇక టేబుల్. మన షోల్లో లాబ్‌ని నేల మీదే చూస్తారు, టేబుల్ ఎక్కించేది బీగుల్, పగ్, షిట్జూ లాంటి వాటిని. అయినా ఇంట్లో లాబ్‌కీ టేబుల్ కావాలి. ఎత్తు మీద కుక్క అటూఇటూ తిరగదు, మీ నడుమూ మిగులుతుంది. 36 అంగుళాలకి 24 అంగుళాల పలక సరిపోతుంది. పైన రబ్బరు షీటు అంచుదాకా అతికి ఉండాలి. లోపలి చెక్క ఏమిటో అడిగి తెలుసుకోండి. పొట్టు చెక్క (పార్టికల్ బోర్డు) అయితే తడి చేతుల నీళ్లు అంచు సందుల్లోంచి దిగి పలక ఉబ్బిపోతుంది, రబ్బరు లేచిపోతుంది. ప్లైవుడ్‌దే నిలుస్తుంది. కాళ్ల కింది రబ్బరు బుడిపెలు అరిగితే టైల్స్ మీద టేబుల్ జారుతుంది. ఒక్కసారి జారిందంటే కుక్క మళ్లీ ఎక్కనని మొండికేస్తుంది, ఆ భయం పోగొట్టడానికి నెలలు పడుతుంది. బుడిపెలు హార్డ్‌వేర్ షాపులో కుర్చీలకి అమ్మేవే సరిపోతాయి. మెడ ఉచ్చు ఉన్న స్టాండు కడ్డీ బిగింపు కూడా వారానికోసారి చూసుకోండి. ఉచ్చులో కుక్క ఉండగా క్షణం కూడా పక్కకి వెళ్లకూడదు. దూకితే ఉరి పడుతుంది. ఏడాది నిండని లాబ్‌ని టేబుల్ మీద నుంచి దూకనివ్వకండి, ఎత్తి దించండి. కీళ్లు ఇంకా ముదరవు.

టేబుల్ అసలు ఉపయోగం స్టాక్, అంటే జడ్జి ముందు కాళ్లు సరిగ్గా పెట్టి కదలకుండా నిలబడడం, నేర్పడంలో ఉంది. ఎదురుగోడకి ఒక అద్దం ఆనించి పెట్టండి, జడ్జి కంటికి ఏం కనబడుతుందో మీకూ కనబడుతుంది. కుక్క తల మీ కుడివైపు ఉండాలి. కుడి చేయి దవడ కింద, ఎడమ చేయి కాళ్లకి. జడ్జి వైపు ముందు కాలు మొదట, తర్వాత మీ వైపుది. అదే వరుసలో వెనక కాళ్లు. ముందు కాలిని పాదం పట్టుకుని లాగితే కుక్క వెనక్కి గుంజుకుంటుంది. మోచేయి దగ్గర పట్టుకుని ఎత్తి, భుజం కిందికి తిన్నగా దించాలి. ఎత్తే ముందు తలని కొంచెం రెండో కాలి వైపు తిప్పితే బరువు అటు పోయి ఈ కాలు తేలికవుతుంది. వెనక కాళ్లని హాక్ (వెనక కాలి మడమ కీలు) దగ్గర పట్టుకుని, హాక్ కింది భాగం నేలకి నిట్టనిలువుగా ఉండేలా పెట్టాలి. ఇంకా వెనక్కి లాగితే కుక్క పొడుగ్గా బాగుందనిపిస్తుంది గానీ నడుము దిగిపోతుంది. జర్మన్ షెపర్డ్ స్టాక్ వేరు, ఒక వెనక కాలు పొట్ట కిందికి వస్తుంది. వీడియోల్లో అది చూసి లాబ్‌ని అలా నిలబెట్టేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నారు.

పప్పీకి ఒక్కసారికి నిమిషం, రెండు నిమిషాలు చాలు. కదలకముందే వదిలెయ్యాలి. కదిలాక వదిలితే కదిలితే వదుల్తారని నేర్చుకుంటుంది. పెదవులెత్తి ముందు పళ్లు, తర్వాత రెండు పక్కలు చూపించడం రోజూ చెయ్యండి. వారానికి ఒకరిద్దరు కొత్తవాళ్ల చేత చేయించండి, టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లయితే మరీ మంచిది. మగకుక్కల వృషణాలు కూడా జడ్జి తడిమి చూస్తారు, దానికీ అలవాటు కావాలి. మెడ మీద మైక్రోచిప్ స్కానర్ తిప్పినా ఉలిక్కిపడకూడదు.

బైట్ విషయంలో బజారు ట్రీట్లన్నీ పక్కన పెట్టేశాను. కోడి కార్జం చాలు. అరకిలో కార్జాన్ని ఉప్పు, మసాలా ఏమీ లేకుండా పది నిమిషాలు ఉడకబెట్టి, నీళ్లు వార్చి, సన్న సెగ మీద పెనం మీదో, ఓవెన్‌లోనో తోలులా సాగేదాకా ఆరబెట్టాలి. పచ్చిగా ఉంటే జేబులో ముద్దయిపోతుంది, మరీ ఎండితే పొడి రాలి రింగ్‌లో పడుతుంది, వెనకొచ్చే కుక్క ముక్కు అక్కడే అతుక్కుంటుంది. శనగగింజంత ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. మన ఎండలకి బయట పెడితే పూట తిరక్కుండా వాసనొస్తుంది, మైదానానికి ఐస్ డబ్బాలోనే పట్టుకెళ్లాలి. ఎక్కువ పెడితే విరేచనాలు పట్టుకుంటాయి. వంటింట్లో మిగిలిన కూర ముక్కలు మాత్రం వద్దు, వాటిలో పడే ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం.

బైట్ ఎంత ఎత్తులో పట్టుకున్నారన్నదాని మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. ముక్కుకి సమానంగా, జానెడు దూరంలో ఉంచాలి. పైకెత్తితే కుక్క కూర్చుంటుంది, లేదా మెడ వెనక్కి విరిచి వీపు వాల్చేస్తుంది. మరీ కిందికి పడితే వీపు గూనిలా లేస్తుంది. ఇంట్లో అందరూ ‘సిట్’ అని బిస్కెట్టు పెట్టి పెంచిన లాబ్‌కి ఇంకో చిక్కుంది, జడ్జి దగ్గరికి రాగానే మర్యాదగా కూర్చుంటుంది. రింగ్‌లో ఇంతకంటే ఎక్కువగా కనిపించే పొరపాటు లేదు. షో కుక్కకి మొదట నేర్పాల్సిన మాట ‘స్టాండ్’. ‘సిట్’ ఆర్నెల్లు ఆగినా కొంప మునగదు. ఇంటిల్లిపాదికీ ఈ సంగతి చెప్పడమే కష్టం.

నడకకి సామాను అక్కర్లేదు, పచ్చిక కావాలి. అపార్ట్‌మెంట్ టైల్స్ మీదే నడిచిన కుక్క అడుగు కుదించుకుంటుంది, పచ్చిక కనపడగానే వాసనలు చూస్తూ ముక్కు దించుతుంది. పొద్దున్నే ఏదో ఒక స్కూలు గ్రౌండులో వారానికి మూడు రోజులు నడిపించండి. కుక్క మీ ఎడమ పక్క, రింగ్ చుట్టూ గడియారానికి ఎదురు దిశలో, తర్వాత తిన్నగా వెళ్లి రావడం, త్రికోణం. ఒకే పక్కవి రెండు కాళ్లూ కలిసి పడుతుంటే అది పేసింగ్. చాలాసార్లు మీరు మెల్లగా నడవడమే కారణం. లీడ్‌ని పైకి ఒక్కసారి తేలిగ్గా ఎత్తి, వెంటనే వేగం పెంచితే ట్రాట్‌లోకి, అంటే ఎదురుమూల కాళ్లు కలిసి పడే నడకలోకి, వస్తుంది. వెనక భాగం పక్కకి జరిగి ఏటవాలుగా నడుస్తుంటే మీ చేతిలో బైట్ వైపు చూస్తోందన్నమాట. కొన్నాళ్లు బైట్ కుడి జేబులోకి మార్చండి, ప్రాక్టీసులో అప్పుడప్పుడు కుక్కని కుడిపక్కన నడిపించండి. లీడ్ బిగదీసి నడిపిస్తే ముందు పాదాలు నేలని తట్టీతట్టనట్టు పడతాయి, జడ్జి లీడ్ వదులు చేసి మళ్లీ నడవమంటారు. మిగిలిన లీడ్‌ని మడిచి అరచేతిలో పెట్టుకోండి, వేలాడితే కుక్క కళ్లు దానిమీదే.

ఇప్పుడు బ్లోయర్. వాడుతున్నది 2400 వాట్ల సింగిల్ మోటార్. 230 వోల్టుల దగ్గర అది పదిన్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. 6 ఆంపియర్ల మామూలు సాకెట్‌కి అడాప్టర్ పెట్టి తగిలిస్తే ప్లగ్ పిన్నులు నల్లబడి ప్లాస్టిక్ కరుగుతుంది. గీజరుకి ఉండే 16 ఆంపియర్ల పాయింటే కావాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా ఆ సామర్థ్యానిదే. షో మైదానంలో జనరేటర్ మీద నలుగురు ఒకేసారి వేస్తే వోల్టేజి పడిపోయి గాలి నీరసిస్తుంది, కాబట్టి ఆరబెట్టే పని ఇంట్లోనే ముగించుకుని వెళ్లాలి. వెనకున్న స్పాంజి ఫిల్టర్‌ని ప్రతి రెండు వాడకాలకీ కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. బొచ్చుతో మూసుకుపోతే మోటార్ వేడెక్కుతుంది, కాలిన వాసన వస్తుంది. కొన్నాళ్లకి గాలి ఆగి ఆగి వస్తూ లోపల నిప్పురవ్వలు కనిపిస్తే కార్బన్ బ్రష్‌లు అరిగినట్టు. మిక్సీలు బాగుచేసే షాపులో మార్చేస్తారు, కొత్త మెషీన్ కొనక్కర్లేదు.

మెషీన్ ఊదుకునే గాలే వేడిగా వస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో హీటర్ స్విచ్ జోలికి పోవద్దు. శబ్దానికి భయపడే కుక్కకి మొదట పక్క గదిలో ఆన్ చేసి అన్నం పెట్టండి. తర్వాత నాజిల్ తీసేసి, ఉత్త గొట్టంతో తొడల దగ్గర మొదలుపెట్టండి. మొహం, చెవులు తువాలుతోనే. లాబ్‌కి గాలి బొచ్చు వాలిన వైపే కొట్టాలి, ఎదురు కొడితే వీపు మీద అలలు తేలుతాయి. స్నానం షోకి మూడు రోజుల ముందే. కొత్తగా కడిగిన బొచ్చు మెత్తబడుతుంది, లాబ్ కోటు చేతికి కాస్త గరుకుగా తగలాలి. బ్లోయర్‌తో నిజమైన లాభం బొచ్చు రాలే రోజుల్లో చచ్చిన అండర్‌కోట్‌ని (లోపలి మెత్తటి బొచ్చుని) ఊది పారెయ్యడం, అప్పుడు మీ మొహానికి మాస్కు తప్పదు. పొట్టి బొచ్చు కుక్క ఒక్కటే ఉంటే దీని మీద డబ్బు పెట్టకండి. గోల్డెన్, పామ్, షిట్జూ ఉంటే మాత్రం ఇది లేకుండా పని జరగదు.

చిన్నవి త్వరగా చెప్పేస్తాను. పళ్ల బ్లేడుతో బొచ్చు రాల్చే దువ్వెనలు అండర్‌కోట్‌తో పాటు పై బొచ్చునీ కోసేస్తాయి. షోకి రెండు నెలల ముందు నుంచి వాటిని దాచేసి, రబ్బరు బ్రష్షుతో సరిపెట్టుకోండి. లాబ్‌కి కత్తెర పడేది తోక చివర ఒక్కచోటే, ఎముక దాటి అర అంగుళం వదిలి గుండ్రంగా. గోళ్లకి కట్టర్ కంటే గ్రైండర్ నయం, నల్లగోళ్లలో రక్తనాళం కనబడదు కాబట్టి వారానికోసారి కొద్దికొద్దిగా అరగదీయాలి. గోళ్లు పెరిగితే పాదం విచ్చుకుంటుంది, మణికట్టు దిగుతుంది. షో పొద్దున మాత్రం గోళ్ల పని పెట్టుకోవద్దు.

నీళ్లతో తడిపే కూలింగ్ కోటు ఊరుని బట్టి పనిచేస్తుంది. హైదరాబాద్ పొడి ఎండలో బాగుంది. విజయవాడ, విశాఖ ఉక్కలో తడి ఆరదు, కోటు కుక్క ఒంటి వేడికి వెచ్చబడి దుప్పటిలా పని చేస్తుంది. అక్కడ ఇనప చువ్వల క్రేట్, దానికో టేబుల్ ఫ్యాను, పొట్ట కింద తడి తువాలు నయం. మే నెలలో ఊటీలో జరిగే సౌత్ ఆఫ్ ఇండియా కెన్నెల్ క్లబ్ షోకి ఇవేవీ అక్కర్లేదు గానీ పొద్దుటి పచ్చిక తడిగా ఉంటుంది, పాదాలు తుడవడానికి పాత తువాళ్లు, మీకు పట్టున్న బూట్లు కావాలి.

కోటు మెరిపించే స్ప్రేలు, పౌడర్లు నేను కొనడం మానేశాను. షో స్థలంలో కోటు రంగునీ, తీరునీ మార్చే పదార్థాలేవీ కుక్కకి వాడకూడదని ఎఫ్‌సీఐ (అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య) నియమాలు చెబుతాయి. మీరు వెళ్లే షో షెడ్యూల్లో ఈ పేరా ఎలా రాశారో ఎంట్రీ ఫీజు కట్టేముందే చదువుకోండి.