ఇరవై మూడు పరికరాలు, ఒక్క కేబుల్: మోడ్‌బస్ మాడ్యూల్‌తో ఐదేళ్లు

పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను. ఐదేళ్ల కిందట మా యుటిలిటీ బ్లాక్ పీఎల్‌సీకి (యంత్రాలను నడిపే కంట్రోల్ కంప్యూటర్) ఆర్‌ఎస్-485 కమ్యూనికేషన్ మాడ్యూల్ పెట్టాం, అంటే ఒకే జత వైర్ల మీద చాలా పరికరాలతో మాట్లాడే కార్డు. 9 ఎనర్జీ మీటర్లు, 8 ఫ్లో మీటర్లు, 6 లెవెల్ ట్రాన్స్‌మిటర్లు మోడ్‌బస్ ఆర్‌టీయూలో (పీఎల్‌సీ ఒక్కో పరికరాన్నీ వరుసగా అడిగి అంకెలు తెచ్చుకునే పద్ధతి) దాని మీదే నడుస్తున్నాయి. ఇన్నాళ్లు వాడాక నా మాట ఇది: కొలిచి లెక్క రాసుకునే పనికి ఇది చాలా బాగుంటుంది, ఇంటర్‌లాక్‌కి (ప్రమాదం వస్తే పంపునో యంత్రాన్నో దానంతటదే ఆపే ఏర్పాటు) మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

ఇంతకుముందు ఫ్లో టోటల్‌ని 4–20 మిల్లీయాంప్ సిగ్నల్ (కొలతను బట్టి మారే కరెంట్) నుంచి పీఎల్‌సీయే లెక్కేసేది. నెలాఖరుకి మీటర్ మీద ఒక అంకె, స్క్రీన్ మీద ఇంకో అంకె. స్టోర్స్ వాళ్లతో, అకౌంట్స్ వాళ్లతో ప్రతి నెలా అదే పంచాయితీ. ఇప్పుడు మీటర్ సొంత టోటలైజర్‌నే (మొత్తం లెక్క ఉంచే కౌంటర్) చదువుతున్నాం కాబట్టి పీఎల్‌సీ ఆగి మళ్లీ లేచినా లెక్క పోదు. ఎనర్జీ మీటర్‌లోంచి వోల్టేజ్, కరెంట్, పవర్ ఫ్యాక్టర్, యూనిట్లు అన్నీ అదే జత వైర్ల మీద వచ్చేస్తాయి.

మొదటి రోజు మాత్రం చుక్కలు కనిపించాయి. ఫ్లో మీటర్‌ని సిమ్యులేషన్‌లో పెట్టి 12.5 ఇచ్చాం. స్క్రీన్ మీద సున్నా. ఈ విలువ రెండు రిజిస్టర్లలో (మీటర్ అంకెలు ఉంచే గడుల్లో) వస్తుంది; వాటిని విడిగా తెరిచి చూస్తే ఒకదానిలో 16712, పక్కదానిలో 0 ఉన్నాయి. అంటే డేటా వస్తోంది, రెండు రిజిస్టర్ల వరుసే తారుమారైంది. వాటిని అటూ ఇటూ మార్చగానే 12.5 వచ్చింది. దీనికి తోడు, మాన్యువల్‌లో 40001 అని రాసిన రిజిస్టర్ నంబర్‌ని కొన్ని మాడ్యూళ్లలో 0 అని ఇవ్వాలి. ఒక కంపెనీ ఏ అన్న టెర్మినల్‌ని ఇంకో కంపెనీ బీ అంటుంది. ఇవి ఎవరూ ముందుగా చెప్పరు.

వైరింగ్‌లో పట్టుబట్టాల్సినవి ఉన్నాయి. కేబుల్ ఒక మీటర్ నుంచి ఇంకో మీటర్‌కి దండలా వెళ్లాలి, కొమ్మలు చీల్చకూడదు. రెండు చివర్లా 120 ఓమ్ రెసిస్టర్ ఉండాలి. పవర్ తీసేసి మల్టీమీటర్ పెడితే సుమారు 60 ఓమ్ చూపిస్తే ఆ రెండు రెసిస్టర్లూ సరిగ్గా ఉన్నట్టే. మేము మొదట వీఎఫ్‌డీ (మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్) మోటార్ కేబుల్ ఉన్న ట్రేలోనే లాగేశాం. మోటార్ స్పీడ్ పెరిగినప్పుడల్లా సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే దారిలో చెడిపోయిన మెసేజ్‌లు. వేరే ట్రేలోకి మార్చి, షీల్డ్‌ని ఒక్క వైపే ఎర్త్ చేశాక తగ్గాయి.

అసలు గుణపాఠం ఒక నైట్ షిఫ్ట్‌లో నేర్చుకున్నాం. తెల్లవారుజామున ఆపరేటర్ ఫోన్: "అన్నా, ఈటీపీ కలెక్షన్ ట్యాంక్ పొంగుతోంది, స్క్రీన్ మీద 62 శాతమే ఉంది!" ఈటీపీ అంటే మా వ్యర్థ జలాల శుద్ధి ప్లాంట్. పరుగెత్తి వెళ్లి చూస్తే, ట్రాన్స్‌మిటర్ దగ్గర టెర్మినల్ వదులై కమ్యూనికేషన్ ఎప్పుడో పోయింది. పీఎల్‌సీ చివరగా చదివిన 62నే పట్టుకుని కూర్చుంది. 4–20లో వైర్ తెగితే కరెంట్ సున్నాకి పడిపోయి వెంటనే అలారం వస్తుంది. ఇక్కడ ఆగిపోయిన అంకె అచ్చం నిజం అంకెలాగే కనిపిస్తుంది. ఆ ఉదయం గట్టు లోపల నిలిచిన నీళ్లు చూస్తే నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఆ లాజిక్ రాసింది నేనే. ఇప్పుడు ప్రతి మీటర్‌కీ కమ్యూనికేషన్ ఫెయిల్ బిట్ ఉంది. అది పడితే అంకె పోయి ఎర్ర గడి వస్తుంది, హారన్ మోగుతుంది. ఆ ట్యాంక్‌కి పైన విడిగా ఫ్లోట్ స్విచ్ వేసి, దాన్ని నేరుగా పంప్ సర్క్యూట్‌లో కలిపాం.

ఇంకో సంగతి. జవాబు కోసం ఆగే టైమవుట్ 1 సెకను, మళ్లీ అడిగే రీట్రై 3 అని పెడితే, ఒక మీటర్ చచ్చిపోయినప్పుడు దాని దగ్గరే ప్రతి చుట్టుకీ 4 సెకన్లు పోతాయి. మిగతా 22 దాని వెనక క్యూలో ఉంటాయి. 200 మిల్లీసెకన్లు, రీట్రై 1 చేశాక హాయిగా ఉంది.

మాడ్యూల్ మీద నా ఫిర్యాదు ఒక్కటే, ఐసోలేషన్ లేదు, అంటే బయటి లైన్‌కీ లోపలి సర్క్యూట్‌కీ మధ్య విద్యుత్ అడ్డు లేదు. వానాకాలంలో పిడుగు పడ్డ రోజు పోర్ట్ కాలిపోయింది, మొత్తం లైన్ పడిపోయింది. తర్వాత వచ్చే బాయిలర్ ప్యానెల్‌కి ఐసోలేషన్ ఉన్నదీ, రెండు పోర్టులున్నదీ అడిగాం. మీటర్లన్నీ దాని మీదే వస్తాయి. బాయిలర్ డ్రమ్‌లో నీటి మట్టం మాత్రం 4–20 మీదే ఉంచుతున్నాం.