‘ద రోడ్’, ‘స్టేషన్ ఎలెవెన్’: ముందు ఏది చదవాలి?

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, లోకం కూలిపోయాక ఏమవుతుందో చెప్పే నవలల్లో ముందు ఏది చదవాలని మా తమ్ముడు అడిగాడు. నా ఓటు ‘స్టేషన్ ఎలెవెన్’కే.

కార్మాక్ మెకార్తీ ‘ద రోడ్’ (2006) తక్కువదని కాదు. తండ్రీకొడుకులు బూడిద కప్పిన దారిలో దక్షిణానికి నడుస్తూనే ఉంటారు, వాళ్లకు పేర్లుండవు, మాటలకు కొటేషన్ గుర్తులుండవు, లోకం ఎందుకు కాలిపోయిందో రచయిత చివరిదాకా చెప్పడు. వాక్యాలు కూడా ఆకలితో ఎండిపోయినట్టే ఉంటాయి. తాము ఇంకా మంచివాళ్లమేనా అని పిల్లాడు అడిగే చోట నాకు గొంతు పట్టేసింది.

ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్ 2014లో రాసిన ‘స్టేషన్ ఎలెవెన్’ కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంది. టొరంటోలో ‘కింగ్ లియర్’ ఆడుతూ ఒక నటుడు స్టేజీ మీదే చనిపోతాడు, ఆ రాత్రే ఊరంతా ఫ్లూ మొదలవుతుంది, 20 ఏళ్ల తర్వాత ఒక బృందం ఊరూరా షేక్‌స్పియర్ నాటకాలు వేస్తూ తిరుగుతుంది. మన చేతిలో ఉండే ఫోన్లు, క్రెడిట్ కార్డులు అక్కడ ఎయిర్‌పోర్ట్‌లో మ్యూజియం వస్తువులు! అది చదువుతుంటే 2020 లాక్‌డౌన్‌లో బోసిపోయిన ట్యాంక్‌బండ్ కళ్ల ముందుకొచ్చింది. పోయినదాని విలువ తెలియాలంటే పోకముందు రోజులు కూడా దగ్గరగా చూపించాలి, ‘ద రోడ్’లో అవి తునకలుగానే దొరుకుతాయి.

‘ద రోడ్’ను తర్వాత చదువు తమ్ముడూ, ఇంట్లో నలుగురూ ఉన్నప్పుడు.