బిడ్డ పెద్దదన్నారు: ఆగాలా, నొప్పులు తెప్పించాలా, ఆపరేషనా?

తొమ్మిదో నెల స్కానింగ్‌లో బిడ్డ బరువు 3.9 కిలోలని రాగానే కోనసీమలో చాలా ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. అత్తగారు సిద్ధాంతిగారికి ఫోన్ చేసి ముహూర్తం పెట్టించేస్తారు. ఆ రిపోర్టు ఒకసారి మళ్లీ చూడండి. బరువు పక్కన చాలాసార్లు ప్లస్, మైనస్ గుర్తులు వేసి ఐదారు వందల గ్రాముల అంకె ఉంటుంది. అంటే ఆ బిడ్డ 3.4 కావచ్చు, 4.4 కూడా కావచ్చు. ఆ ఒక్క అంకె చూసి కడుపు కోయించుకోవడం నాకు మింగుడుపడదు.

అలాగని భయం ఉత్తిది కాదు. తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుంటే నిమిషాల్లో బిడ్డను తియ్యాలి. మెడ దగ్గర నరాలు సాగి చెయ్యి చచ్చుబడొచ్చు. తల్లికి రక్తస్రావం ఎక్కువవుతుంది.

ఏది మేలో తేల్చేది ముందు షుగరే. షుగర్ ఉన్న తల్లుల బిడ్డలకు తలకన్నా భుజాలు, ఛాతీ ఎక్కువ పెరుగుతాయి. అందుకే అమెరికా గైనకాలజిస్టుల సంఘం షుగర్ ఉంటే 4.5 కిలోల దగ్గర, లేకపోతే 5 కిలోల దగ్గర ముందుగానే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చంటుంది. 1996లో వేసిన ఒక లెక్క చూడండి. 4.5 కిలోలుంటుందన్న అంచనాతో ఆపరేషన్లు చేస్తూ పోతే, ఒక్క బిడ్డకు శాశ్వతంగా నరం దెబ్బ తప్పించడానికి షుగర్ ఉన్నవాళ్లలో 443 ఆపరేషన్లు కావాలి, లేనివాళ్లలో 3,695. కోత పడ్డ గర్భసంచికి తర్వాతి కాన్పుల్లో మాయ కిందికి అతుక్కునే ముప్పు కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లే. అందులో అవసరం లేనివి ఎన్నో ఉంటాయని నా నమ్మకం.

నొప్పులు తెప్పించడం మధ్య దారి. 2015లో వచ్చిన యూరప్ అధ్యయనంలో 37, 38 వారాల్లో నొప్పులు తెప్పిస్తే భుజం ఇరుక్కోవడం, దానివల్ల వచ్చే దెబ్బలు 6 శాతం నుంచి 2 శాతానికి తగ్గాయి, ఆపరేషన్లు పెరగలేదు. కాకపోతే బిడ్డలకు పచ్చకామెర్లు ఎక్కువ కనిపించాయి. బిడ్డ పెద్దదన్న ఒక్క కారణంతో 39 వారాల లోపు తొందరపడొద్దని అమెరికా సంఘం చెబుతుంది. షుగర్ లేకుండా, అంచనా 4 కిలోలు దాటి 4.5 లోపు ఉంటే, 39 నిండాక ఈ దారి గురించి డాక్టరుగారిని అడగమంటాను.

4 కిలోల లోపు, షుగర్ లేదు, ముందు కాన్పు సుఖంగా అయింది. అలాంటి తల్లికి ఆగడమే మేలు. లంక గ్రామాల వాళ్ల సంగతి మాత్రం వేరు. వరద వస్తే పడవ తప్ప దారి ఉండదు, అర్ధరాత్రి నొప్పులొస్తే 108 ఏటిగట్టు దగ్గరే ఆగిపోతుంది. జూలై, ఆగస్టుల్లో నెలలు నిండే అమ్మాయిని ముందే అమలాపురమో కాకినాడో బంధువుల ఇంటికి చేర్చండి.

ఏ దారి ఎంచుకున్నా ఆపరేషన్ థియేటరు, రక్తం, పిల్లల డాక్టరు ఉన్నచోటే కాన్పు జరగాలి. భుజం ఇరుక్కుంటే తల్లి మోకాళ్లు రెండూ పొట్టవైపు బాగా మడిచి, పొత్తికడుపు కింద నొక్కి బిడ్డను తీసే అలవాటున్న నర్సులు అక్కడ ఉన్నారా అని మొహమాటం లేకుండా అడగండి. పుట్టిన గంటలోపు పాలు పట్టించి, తల్లికి షుగర్ ఉంటే బిడ్డకూ షుగర్ చూడమనండి. పెద్ద బిడ్డలకు అది ఉన్నట్టుండి పడిపోతుంది.